బరువు పెరిగిన వారాలు

ప్రతి శనివారం పొద్దున, టిఫిను కాకముందే, మా ఇంట్లోని గినీ పిగ్‌ను వంటింటి కాటా మీద తూచి, ఆ బరువును డైరీలో రాసేవాణ్ణి. దానికోసం ఒక స్టీలు డబ్బాను వేరుగా పెట్టుకున్నాం. డబ్బాలో కొత్తిమీర రెమ్మ వేసి, కాటాను సున్నాకు తెచ్చి, గినీ పిగ్‌ను అందులోకి దించేవాణ్ణి. రెమ్మ నములుతున్నంతసేపు అది కదలదు. అంకె నిలబడగానే రాసుకుని, మళ్ళీ దాని అట్టపెట్టెలో వదిలేసేవాణ్ణి.

గినీ పిగ్‌ను చూడని వాళ్ళకు చెప్పాలంటే, అది ఎలుక కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది, తోక ఉండదు. మాది తెలుపూ గోధుమరంగూ కలిసిన ఆడది. మా అమ్మాయి నంద్యాలలో ఒక బడిలో టీచరు. సైన్సు ప్రదర్శన కోసం ఆ బడివాళ్ళు దీన్ని తెప్పించారట. ప్రదర్శన అయిపోయి సెలవులిచ్చేసరికి ఇంటికి తీసుకుపోయేవాళ్ళు ఎవరూ లేక, అమ్మాయి పండ్ల పెట్టెలో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కింది. "పది దినాలే నాయనా, బడి తెరిస్తానే తీస్కపోతా" అంది. బడి తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. అది మా దగ్గరే ఆరేళ్ళు ఉంది. మా ఆవిడ దాన్ని "పాప" అని పిలిచేది. నా డైరీలో అది "గి.పి."

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. కాలువ మీద నీటిమట్టం చూసి రాయడం నా పని. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. డైరీ అలవాటు అక్కడే పట్టుకుంది. కాలువ పనిలో మట్టం పెరిగిందంటే మంచి కబురు. గోస్పాడు వైపు రైతులు సైకిలు ఆపి "ఎంతుండాదప్పా ఈ పొద్దు?" అని అడిగేవారు. రెండంగుళాలు పెరిగిందని చెబితే, ఆ నీళ్ళు నేనే తెచ్చినట్టు నాకు నమస్కారం పెట్టి పోయేవారు. పెరిగిన అంకె రాసేటప్పుడు చేతికి కూడా హాయిగా ఉంటుంది. అది నా రక్తంలోకి ఎంతగా ఇంకిపోయిందో ఈ వేసవి దాకా నాకు తెలియదు.

వేసవి మొదట్లో దాని బరువు తొమ్మిది వందల ఇరవై గ్రాములు. తర్వాతి శనివారం తొమ్మిది వందల నలభై. ఆ తర్వాత తొమ్మిది వందల డెబ్బై. అట్లా ప్రతి వారం ఇంతింత పెరుగుతూ వెయ్యి దాటింది. ఆ పేజీలు ఇప్పుడు నా ముందున్నాయి. "గి.పి. బరువు పెరుగుచున్నది. ఆరోగ్యము బాగు." ఏడు వారాలు వరుసగా ఇదే వాక్యం ఉంది.

ఆ రోజుల్లోనే ఒకనాడు మా ఆవిడ దాన్ని ఒళ్ళో వేసుకుని దువ్వుతూ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, దీని పక్కలు చూడు. బొచ్చు పోతాంది."

"ఎండలకు అట్లే రాల్తాది."

"ఎండకు రాలితే యాడో ఒగ చోట రాల్తాది. రెండు పక్కలా కొలిచి గీసినట్టు రాల్తాదా?"

నేను డైరీ తెచ్చి చూపించాను. "చూడు, నూటిరవై గ్రాములు పెరిగింది. జబ్బుండేది ఎక్కడన్నా పెరుగుతుందా?"

"నీ కాటాకు తూచేదే తెల్సు. లోపలుండేది ఏందో దానికేం తెల్సు?" అని ఆమె మళ్ళీ దువ్వుకోవడంలో పడింది. ఆ మాట నేను రాసుకోలేదు. "ఎండ వలన వెంట్రుకలు రాలుచున్నవి" అని రాసుకున్నాను.

ఏడో వారం దాటాక వచ్చిన సోమవారం. పొద్దున మా ఆవిడ ఫ్రిజ్ తెరిచి కొత్తిమీర కవరు తీసింది. మామూలుగా కవరు చప్పుడుకే అది పెట్టెలోంచి ఈల వేసినట్టు అరుస్తుంది. ఆ అరుపు వీధిలోకి వినబడేది. ఆ రోజు చప్పుడు లేదు. పోయి చూస్తే ఒక మూల వెన్ను గూనిగా పెట్టుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంది. కొత్తిమీర మూతికి తాకిస్తే మొహం పక్కకు తిప్పుకుంది.

"తినల్యా" అంది మా ఆవిడ. "పాప తినకపోవడం నేను ఎప్పుడూ చూడల్యా."

నేను చేసిన మొదటి పని కాటా తీయడం. బరువు శనివారం ఎంతుందో సోమవారం కూడా అంతే ఉంది. వెయ్యీ నలభై. ఒక్క గ్రాము తేడా లేదు. "ఏం కాలేదు. బరువు తగ్గలేదు. ఎండకు అరగక ఉంటుంది. సాయంత్రానికి తింటాది చూడు" అన్నాను.

"కడుపు మెత్తగా అయింది. నిన్నటిదాకా బిర్రుగా ఉండె."

"మెత్తగా అయితే మంచిదే కదా."

సాయంత్రానికి తినలేదు. మంగళవారం పొద్దునకు కూడా తినలేదు. అప్పుడు దాన్ని పెట్టెలో పెట్టుకుని, కింద తువ్వాలు పరిచి, ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. కుక్కలను చూసే ఆసుపత్రి ఒకటి ఉందని అమ్మాయి చెప్పింది. ఒక దినం నష్టపోయాం. ఆ దినం నాది.

ఆసుపత్రిలో బెంచీ మీద మా పక్కన పెద్ద కుక్కను పట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. పెట్టెలోకి తొంగి చూసి అడిగాడు.

"ఏందప్పా అది, ఎలకనా?"

"గినీ పిగ్" అన్నాను.

"పిగ్ అంటే పంది కదా? పంది మాదిరి ల్యాదే."

మా ఆవిడ తలెత్తింది. "నీ కుక్క మాత్రం సింహం మాదిరి ఉండాదా? గమ్మున కూచో. అది దడుచుకుంటాది."

ఆయన నవ్వి, కుక్కను తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాడు. మేము లోపలికి పోయేదాకా దాన్ని మొరగనీయకుండా మూతి పట్టుకునే ఉన్నాడు.

డాక్టరమ్మ మొదటే చెప్పింది, ఇట్లాంటివి తాను రెండు మూడు మాత్రమే చూశానని. ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఆమె మీద నాకు నమ్మకం కలిగింది. కడుపు మీద బొచ్చు గొరిగి, జిగురు రాసి స్కాన్ తీసింది. అది కదలకుండా పడుకుని ఉంది. మా ఆవిడ దాని తల రెండు వేళ్ళతో పట్టుకుంది. తెర మీద నల్లటి మచ్చలు తప్ప నాకేమీ కనబడలేదు.

"ఆడవాటికి వయసైతే గర్భసంచి పక్కన నీటి బుడ్డలు వస్తాయి పెద్దాయనా. దీనికి రెండు వైపులా వచ్చినాయి. ఎడమపక్కది పగిలింది. ఆ నీళ్ళన్నీ కడుపులోనే ఉండాయి. కుడిపక్కది ఇంకా నిమ్మకాయంత ఉంది."

"నిన్న తూచినాను మేడమ్. బరువు ఏమీ తగ్గలేదు."

"ఎట్లా తగ్గుతాది? నీళ్ళు బయటికి పోలేదు కదా. బుడ్డలోంచి కడుపులోకి వచ్చినాయి, అంతే." ఆమె జిగురు తుడుస్తూ అడిగింది. "ఎన్ని దినాల నుంచి ఉబ్బుతాంది?"

నేను సంచిలోంచి డైరీ తీసి, ఏడు వారాల పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించాను. ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా చదివింది. డైరీ మూసి నా చేతికిచ్చింది. ఏమన్నా అని ఉంటే బాగుండేదని బస్సులో అనిపించింది.

ఆపరేషన్ చేసి రెండు వైపులా తీసేయాలి. కానీ ఆరేళ్ళ వయసు, తిండి లేక నీరసం, మత్తు తట్టుకోదు, బల్ల మీదే పోవచ్చు అంది. ముందు దాన్ని తినేలా చేయండి, వచ్చే గురువారానికి తనంతట తాను తింటుంటే అప్పుడు కోద్దాం అంది. నొప్పికి చుక్కల మందు రాసిచ్చింది. సూది లేని సిరంజితో మేత ఎట్లా పెట్టాలో చూపించింది.

"నొప్పిగా ఉంటుందా మేడమ్ దీనికి?" అని అడిగాను.

"ఉంటుంది. కానీ చూపించదు. చిన్న ప్రాణాలు నొప్పి దాచుకుంటాయి. చూపిస్తే ఏ పిల్లో గద్దో పట్టుకుపోతాదని భయం."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకేదీ పట్టలేదు. అది బతకడం, చావడం దేవుడి చేతిలో ఉంది. అది నొప్పి పడుతున్నదా లేదా అన్నది మాత్రం, దాన్ని ఇంట్లో పెట్టుకున్న మాకు తెలియాలి కదా.

ఆ రోజు నుంచి మూడు గంటలకొకసారి మేత. దాని మేత గుళికలను నీళ్ళలో నానబెట్టి, ఎండిన గరికను మిక్సీలో వేసి పొడి చేసి కలిపి, వడగట్టి సిరంజిలోకి తీసేవాణ్ణి. మా ఆవిడ దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకునేది. నేను మూతి పక్క నుంచి సిరంజి పెట్టి కొంచెం కొంచెం వదిలేవాణ్ణి. మొదట్లో సగం నా చొక్కా మీదే పడేది. ఎన్ని మిల్లీలీటర్లు పెట్టాను, ఎన్ని ఉమ్మేసింది, ఎన్ని పెంటికలు వేసింది, అన్నీ గీతలు గీసి రాసుకున్నాను.

బరువు ఇప్పుడు రోజూ తూస్తున్నాను. వెయ్యీ నలభై, వెయ్యి, తొమ్మిది వందల అరవై. శుక్రవారం డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను.

"నీళ్ళు పోతే బరువు తగ్గాల్సిందే. అది మంచిదే. ఒళ్ళు మాత్రం తగ్గకూడదు" అంది.

"తగ్గింది నీళ్ళో ఒళ్ళో ఎట్లా తెలుస్తుంది మేడమ్?"

"చేత్తో చూడాల. వీపు మీద రాస్తే ఎముకలు తగుల్తాయేమో చూడండి."

నేను చేత్తో రాసి చూశాను. మెత్తటి బొచ్చు, దాని కింద ఏదో గట్టిగా. అది ఎప్పుడూ అట్లా ఉండేదో, ఇప్పుడే అట్లా అయిందో నాకు తెలియలేదు. ఆరేళ్ళలో నేను దాన్ని డబ్బాలోకి దించడానికి, డబ్బాలోంచి తీయడానికి తప్ప పట్టుకోలేదు. మా ఆవిడ పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్కసారి రాసింది.

"ఒళ్ళే. పోతాండేది ఒళ్ళే" అంది.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోను. "గురువారం దాకా ఏంటికి నాయనా? రేపే చేయమను. ఆ కుడిపక్కది కూడా పగిలితే ఏం చేస్తావ్?"

మా ఆవిడ ఫోను లాక్కుంది. "మే, ముసలి ప్రాణాన్ని కోయిస్తామా? నీకు బుద్ధుండాదా? దాని దినాలు అయినాయి. గమ్మున పోనీయండి దాన్ని."

"గమ్మున పోతాదని నీకెవరు చెప్పినారమ్మా?"

ఏం చేద్దామని ఇద్దరూ నన్నే అడిగారు. ఒకామె ఫోనులో, ఒకామె ఎదురుగా. నేను డైరీ తెరిచి మూశాను. మా ఆవిడ అల్మారా వైపు చూపించింది. అందులో ముప్పై తొమ్మిది డైరీలు ఉన్నాయి. "అంత రాసినావే, యాడన్నా ఒగ చోట దీనికి జవాబు రాసి పెట్టుకోకపోతివా?" అంది. ఎగతాళిగానే అంది గానీ, తర్వాత లేచి పోయి నాకు కాఫీ పెట్టుకొచ్చింది.

ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఆమె ఒక చీటీ రాసింది. మా చర్చిలో తలుపు దగ్గర ఒక డబ్బా ఉంటుంది. ఎవరికైనా జబ్బయితే, ఇంకేదైనా కష్టమైతే చీటీ రాసి అందులో వేస్తారు. పాస్టరుగారు బైబిలు వాక్యం చెప్పే ముందు ఒక్కొక్కటే చదివి అందరితో ప్రార్థన చేయిస్తారు. నేను వద్దన్నాను. "జంతువు కోసం చీటీ వేస్తే నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వే వాళ్ళ నోట్లోంచి కూడా ప్రార్థన వస్తాది కదా."

పాస్టరుగారు మోకాళ్ళ ఆపరేషన్‌కు ఒకటి, పరీక్షలకు ఒకటి చదివి, మూడోది చేతిలోకి తీసుకుని ఆగారు. అద్దాలు సర్దుకున్నారు. "మన సంఘంలోని ఒక కుటుంబం... తమ ఇంట్లోని గినీ పిగ్ తిండి తినాలని ప్రార్థన కోరుతున్నారు" అని చదివారు. మగవాళ్ళ వైపు ఎవరో నవ్వి దగ్గులోకి మార్చుకున్నారు. నేను తల వంచుకున్నాను. ప్రార్థన కోసం వంచుకున్నాననే అందరూ అనుకుని ఉంటారు.

బయటికి వచ్చాక ఆడవాళ్ళు మా ఆవిడను చుట్టుకున్నారు. "ఎట్లుండాదక్కా మీ పంది?" అని ఒకామె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. ఇంకో ముసలామె ఆమెను పక్కకు తోసి, "నవ్వద్దు మే. మా బర్రె ఈనలేక మూడు దినాలు పడుకున్నప్పుడు నేను చీటీ వేసినా. నా బర్రెకు నవ్వల్యా ఎవరూ. పాలు ఇస్తేనే ప్రార్థననా?" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అది మూడు గరిక పోచలు తిన్నది. తనంతట తానే. మా ఆవిడ చేతిలోంచి లాక్కుని, చివర దాకా నమిలింది. నేను లెక్కపెట్టాను, మూడు. సోమవారం పదకొండు. మంగళవారం గరికతో పాటు కాస్త క్యాప్సికం కూడా తిన్నది. బరువు ఎనిమిది వందల తొంభై దగ్గర నిలబడింది. తింటోందని చెబితే అమ్మాయి ఫోనులో ఏడ్చింది. మా ఆవిడ మెత్తబడి, "సరేలే, గురువారం పోదాం. కోసేటప్పుడు నన్ను లోపలుండనిస్తారేమో అడుగు" అంది. నేను బస్సు వేళలు రాసుకున్నాను, తువ్వాలు రెండు ఉతికి ఆరేశాను.

బుధవారం పొద్దున అది పక్కకు ఒరిగి పడుకుని ఉంది.

చెవులు చల్లగా ఉన్నాయి. పెదవి కింద ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. కడుపు మళ్ళీ మెత్తబడింది. నేను ఈసారి కాటా తీయలేదు. డాక్టరమ్మకు ఫోను చేశాను.

"రెండోది కూడా పగిలినట్టుంది పెద్దాయనా. తెల్లబడిందంటే లోపల రక్తం పోతాండొచ్చు. ఇప్పుడు కోయలేను."

"మరి?"

"తీసుకొస్తే నొప్పి తెలియకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తాను. నిద్రలోనే పోతాది. అంతకంటే ఏమీ చేయలేను."

"దారిలో పోతే?"

"పోవచ్చు. చెప్పలేను."

నేను ఫోను పెట్టి మా ఆవిడకు చెప్పాను. ఆమె చీర మార్చుకుంది. పెట్టెలో ఉతికిన తువ్వాలు పరిచి, దాన్ని అందులో పెట్టుకుని, గేటు ముందు ఆటో ఎక్కాం. టైము పదీ నలభై. బస్టాండు చేరితే పదకొండింటి బస్సు అందుతుంది.

వీధి మలుపులో గుంతలు. మొదటి గుంతలో ఆటో ఎగిరినప్పుడు పెట్టెలోంచి చిన్న శబ్దం వచ్చింది. రెండో గుంతలో మళ్ళీ వచ్చింది. పది దినాలుగా అది అరవలేదు. ఇది కొత్తిమీర కోసం వేసే ఈల కాదు. దీన్ని నేను ఎప్పుడూ వినలేదు. మూడోసారి వచ్చినప్పుడు మా ఆవిడ ఆటోవాడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆపప్పా. ఆపు."

"బస్సు పోతాదమ్మా, బేగా పోవాల్నంటిరి కదా."

"వద్దు. ఇంటికి తిప్పు."

ఆటో ఆగింది. ఆమె నా వైపు చూసింది, నేను కాదంటానేమోనని. నంద్యాల పోతే గంటకు పైన ఈ కుదుపులు. ఇంట్లో ఉంటే ఇంజెక్షన్ లేదు. ఏ దారిలో నొప్పి తక్కువో కొలిచే సాధనం ఏదీ నాకు తెలియదు. ఆటో అతను ఇద్దరి మొహాలూ చూసి, బండిని వచ్చిన దారికే తిప్పాడు. వచ్చేటప్పుడు మాత్రం ప్రతి గుంతనూ తప్పిస్తూ, దాదాపు నడిచినంత నెమ్మదిగా తీసుకొచ్చాడు.

ఇంట్లో మా ఆవిడ గోడకు ఆనుకుని కింద కూర్చుని దాన్ని కడుపుకు ఆనించుకుంది. నొప్పి చుక్కలు వేశాను. సగం బయటికి కారాయి. ఇంకో చుక్క వేయబోతే ఆమె నా చెయ్యి పక్కకు తోసింది. "చాలు. ఇంక దాన్ని ఏం చేయద్దు." నేను పక్కనే కూర్చున్నాను. ఫ్యాను గాలి దాని మీద పడుతుందని లేచి ఆపాను. ఉక్కకు మా ఆవిడ మొహం చెమటతో తడిసిపోయింది. మళ్ళీ వేయనా అని అడిగితే వద్దంది. దాని పక్కటెముకలు వేగంగా లేచి పడుతున్నాయి. తర్వాత నెమ్మదిగా. తర్వాత మధ్యలో ఆగి ఆగి. ఒకసారి వెనక కాళ్ళు రెండూ చాపింది. ఆ తర్వాత కదలలేదు.

పన్నెండూ ఇరవై ఐదు. పదకొండింటి బస్సు ఆ వేళకు నంద్యాల బస్టాండులోకి వచ్చి ఉంటుంది. అక్కడి నుంచి ఆసుపత్రికి పది నిమిషాలు. ఈ లెక్క నేను వేయాలని వేయలేదు. దానంతట అదే వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. ఆటో తిప్పకపోయినా ఇంజెక్షన్ అందేది కాదని ఒక్కోసారి అది చెబుతుంది. ఆ మొదటి సోమవారమే బయలుదేరి ఉంటే ఇదంతా ఉండేదే కాదని ఒక్కోసారి చెబుతుంది.

ఒంటిగంటకు బడిలో భోజనాల గంట కొట్టగానే అమ్మాయి ఫోను చేసింది. పోయిందని చెప్పాను. అమ్మాయి ఒకటే అడిగింది.

"బాధపడిందా నాయనా?"

లేదు తల్లీ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆటోలో విన్న శబ్దం మళ్ళీ చెవిలో పడింది. "బాధపడిందా అని అడుగుతాంది" అని ఫోను మా ఆవిడ చేతికిచ్చాను.

"మాకు తెలీదు మే" అంది ఆమె. "మీ నాయనకూ తెలీదు, నాకూ తెలీదు. పక్కన మాత్రం ఉన్న్యాం. ఇద్దరమూ ఉన్న్యాం."

అవతల అమ్మాయి ఏడుస్తున్నట్టుంది. మా ఆవిడ ఫోను పెట్టేయలేదు. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తువ్వాలు కొసలను ఒళ్ళోని దాని మీద కప్పుతూ, వింటూ కూర్చుంది.